చక్కెర డబ్బా

మొన్న మా ప్రొద్దుటూరు ఇంట్లో చక్కెర డబ్బా సగం ఖాళీ. అడిగితే, "రాకెట్ మోటారుకమ్మా, పెన్న ఇసుకలో ఎగరేస్తా" అన్నాడు మావాడు. చిన్నప్పుడు పులివెందులలో చిచ్చుబుడ్డికి కాలిన మా తమ్ముడి వేళ్లు గుర్తొచ్చినాయి. పొయ్యి ఆర్పేసి మూకుడు దాచేసినా.

అలిగి అన్నం తినలే. రాత్రి ఫోన్లో విక్రమ్-ఎస్ చూపించినాడు. హైదరాబాదు స్కైరూట్ వాళ్లు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగరేసిన రాకెట్. దేశంలో మొదటి ప్రైవేటుదంట. 545 కిలోలు, 89.5 కిలోమీటర్ల ఎత్తు! అదీ ఘన ఇంధనమే; అంటుకుంటే మధ్యలో ఆపలేరంట.

"వాళ్లమ్మా పొయ్యి ఆర్పేసుంటే?" అన్నాడు.

"వాళ్లు ఇస్రోలో పనిచేసినాకే కదా నాయనా దీనికి దిగింది?"

మాట్లాడలే. పొద్దున్నే, జమ్మలమడుగులో ఫిజిక్సు చెప్పే మా ఆడబిడ్డకు ఫోన్ చేసి, వీడు ఏం చదవాలో అడిగినా. మూకుడు మాత్రం బీరువాలోనే ఉంది.