మంచు కింది మిట్టపల్లాలు

డిసెంబరు సగం గడిచేసరికి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సులన్నీ ఒకే రూపు ధరిస్తాయి. ఆ రాష్ట్రంలో పది ఎకరాలకు మించిన సరస్సులు 11,842 ఉన్నాయి. వేసవిలో వాటిలో ఒక్కొక్కదానిది ఒక్కొక్క ముఖం. ఒకచోట తుంగ, ఒకచోట రాతిగట్టు, ఒకచోట అలల నురుగు, మరొకచోట కదలని నీలిమ. శీతకాలం ఈ గుర్తులన్నింటినీ చెరిపివేసి, ఒడ్డు నుంచి ఒడ్డు వరకు తెల్లని దుప్పటి పరుస్తుంది. చేపలు పట్టడానికి ఆ మంచు మీద అడుగుపెట్టిన మనిషికి ఎటు చూసినా ఒకటే చదును. అతని ముందున్న ప్రశ్న చాలా చిన్నది: రంధ్రం ఎక్కడ తొలవాలి?

దీనికి సమాధానం మంచు మీద దొరకదు. మంచు కింద నీరు, నీటి కింద నేల ఉన్నాయి. ఆ నేల చదునుగా లేదు. కంటికి కనిపించని ఆ మిట్టపల్లాలను మనస్సులో రూపించుకొని, జానెడు వెడల్పయిన రంధ్రాన్ని తగిన చోట దించగలగడమే ఈ వేటలో అసలు విద్య. తక్కినది ఓపిక, ఉన్నిబట్టలు.

ఈ విద్య ముఖ్యంగా ఒక చేప చుట్టూ అల్లుకొన్నది. దాని పేరు వాల్‌ఐ. బంగారు, ఆకుపచ్చ ఛాయలు కలిసిన ఒడలు, పదునైన పళ్ళు, రుచికరమైన తెల్లని మాంసం. మిన్నెసోటా 1965లో దీనిని రాష్ట్ర మత్స్యంగా ప్రకటించుకొన్నది. దీని ప్రత్యేకత అంతా కంటిలో ఉన్నది. కంటి వెనుక భాగాన కాంతిని తిరిగి ప్రతిఫలింపజేసే పొర ఒకటి ఉంటుంది. చీకటిలో పిల్లి కళ్ళు మెరిసేది ఇటువంటి పొర వల్లనే. మసక వెలుతురులో వాల్‌ఐకి కనబడినంత స్పష్టంగా, దానికి ఆహారమయ్యే పెర్చ్ చేపకు కనబడదు. పట్టపగలు పెర్చ్ తప్పించుకొనిపోగలదు. తెల్లవారుజామునా, మునిమాపునా దాని ఆట సాగదు. సూర్యుడు చెట్ల వెనుకకు జారే ఆ కొద్ది సమయం కోసమే మనుషులు పగలంతా చలిలో కాచుకొని కూర్చుంటారు.

మంచు కింద చేప బతికే తీరు తెలియాలంటే నీటి స్వభావం ఒకటి గుర్తు చేసుకోవాలి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడినది తేలికై పైకి చేరి, గడ్డకట్టి, ఇంటికప్పు వలె నిలిచిపోతుంది. కనుక శీతకాలపు సరస్సులో వేసవి క్రమం తారుమారవుతుంది: మంచును ఆనుకొని సున్నా డిగ్రీలు, అడుగున సుమారు 4 డిగ్రీలు. శీతల రక్త జీవి అయిన చేప ఈ నీటిలో మందగిస్తుంది. ఆహారం మానదు గాని, దానికోసం వేసవిలో వలె దూరదూరాలు తరుముకొని పోదు. పైనున్న మనిషి కూడా పడవ మీద తిరుగుతూ గాలం లాగలేడు. అతని దారం నిట్టనిలువుగా ఒకే చోట దిగుతుంది. అందుచేత చేప ఏ దారిన నడుస్తుందో ముందుగా తెలుసుకొని, ఆ దారి మీదనే ఎరను ఉంచవలసి వస్తుంది. ఆ దారిని నిర్ణయించేది నేల.

నేల తీరును అక్కడి వేటగాళ్ళు ‘స్ట్రక్చర్’ అంటారు. కట్టడమని, నిర్మాణమని నిఘంటువులు చెప్పే అర్థాలు ఇక్కడ పొసగవు. అది ఎవరూ కట్టినది కాదు. చుట్టుపక్కల నేలకన్నా భిన్నంగా ఉన్నదంతా ఈ మాటలో ఇముడుతుంది: తీరం నుంచి నీటిలోకి పొడుచుకొనివచ్చిన మొన, నీట మునిగిన దిబ్బ, రెండు దిబ్బల నడుమ గుర్రపు జీను వంటి పల్లం, హఠాత్తుగా దిగిపోయే వాలు. పాఠశాలలో నైసర్గిక స్వరూపమని చదువుకొన్నదే ఇది; నీటి అడుగున ఉండడం ఒక్కటే తేడా. వేటగాళ్ళలో ఈ భావానికి ప్రచారం తెచ్చినవారిలో అగ్రగణ్యుడు నార్త్ కరోలినాకు చెందిన ఎల్‌వుడ్ ‘బక్’ పెర్రీ. చేపల కాపురం లోతునీటిలోనని, అవి నేల మీది మిట్టలను, వాలులను దారిగా చేసుకొని మేతకు పైకి వస్తాయని ఆయన బోధించాడు. ఆయన మాటలు వేసవి వేటను గురించినవే అయినా, శీతకాలానికి అవి మరింతగా అన్వయిస్తాయి.

అయితే ఏ మిట్ట, ఏ వాలు? ఇది కాలాన్ని బట్టి మారుతుంది. మంచు కొత్తగా పట్టినప్పుడు అది అద్దం వలె స్వచ్ఛంగా ఉంటుంది. వెలుతురు లోపలికి ప్రసరిస్తుంది. ఒడ్డుకు దగ్గరలోని నీటిమొక్కలు ఇంకా పచ్చగానే ఉండి ప్రాణవాయువును విడుదల చేస్తాయి. చిన్న చేపలు ఆ మొక్కల చాటున చేరుతాయి. వాల్‌ఐ మొక్కల మధ్యకు చొరబడడం కన్నా వాటి వెలుపలి అంచున, లోతు మొదలయ్యే చోట తచ్చాడుతుంది. ఆ రోజులలో 8 నుంచి 15 అడుగుల నీరు, లోతుకు ఆనుకొని ఉన్న మొనలు మంచి తావులు. తెలుగునాట కొరమీను కోసం చెరువులో గాలం వేసేవాడు కూడా నడినీటిని వదలి తామరాకుల అంచునే చూస్తాడు. అంచు విలువ అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

జనవరిలో మంచు మందమై, దానిపై హిమం పేరుకొంటుంది. వెలుతురు తగ్గి మొక్కలు చనిపోతాయి. కుళ్ళుతున్న మొక్కలు అంతకుముందు తాము ఇచ్చిన ప్రాణవాయువునే తిరిగి హరిస్తాయి. చిన్న చేపలు ఆ చోటు విడుస్తాయి. వాటి వెంట వాల్‌ఐ కూడా నడి సరస్సులోని దిబ్బలకు, 20 నుంచి 35 అడుగుల లోతుకు తరలిపోతుంది. వేసవి నాటి జ్ఞాపకంతో పాత తావునే పట్టుకొని కూర్చున్నవాడికి ఈ వలస తెలియదు. చలి తగ్గుముఖం పట్టేసరికి చేపలు తిరిగి ఏటి ముఖద్వారాల వైపు, వసంతంలో గుడ్లు పెట్టబోయే గులకరాళ్ళ తీరాల వైపు కదులుతాయి. మిన్నెసోటా లోపలి సరస్సులలో చాలావాటిలో ఫిబ్రవరి చివరకే వాల్‌ఐ వేట గడువు ముగుస్తుంది. గుడ్లు పెట్టబోయే చేపకు అది రక్షణ.

అన్ని సరస్సులకూ ఈ క్రమం ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటే. రెండు పెద్ద సరస్సులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మొదటిది మిల్ లాక్స్. వైశాల్యం 200 చదరపు మైళ్ళకు పైమాట. మిక్కిలి లోతైన చోట 42 అడుగులు. మంచుయుగంలో హిమానీనదం మోసుకొచ్చి వదలిన మట్టి, రాళ్ళ కట్ట అడ్డుపడి నీరు నిలవడంతో అది ఏర్పడినది. దాని దక్షిణ భాగాన రాళ్ళ దిబ్బలు, గులకరాళ్ళ మిట్టలు ఉన్నాయి. ఉత్తర భాగాన 30 అడుగుల లోతు నుంచి లేచి, బల్లపరుపుగా పరచుకొన్న బురదమిట్టలు ఉన్నాయి. రాతినేలకు అలవాటుపడిన వేటగాడికి బురద మొదట రుచించదు. కాని ఆ మెత్తని మట్టిలో మేఫ్లై మొదలైన కీటకాల డింభకాలు లెక్కకు మిక్కిలిగా కాపురముంటాయి. వాటికోసం పెర్చ్‌లు వస్తాయి. పెర్చ్‌ల కోసం వాల్‌ఐ మిట్ట అంచుకు వస్తుంది. నడి శీతకాలంలో ఆ బురదే అన్నశాల.

రెండవది అప్పర్ రెడ్ లేక్. అగాసీ అనే పేరుతో శాస్త్రజ్ఞులు పిలిచే ఒక మహా హిమానీ సరస్సు ఒకప్పుడు కప్పిన చదును నేలలో మిగిలిన నీరు అది. లోతు ఎక్కడా 20 అడుగులకు చేరదు. దిబ్బలు, జీనులు వెదకుతూ వచ్చినవాడికి అక్కడ నిరాశే. ఒడ్డు వెంట ఒకటి రెండు అడుగులు దిగే వాలే అక్కడ కొండ. ఇసుక మారి బురద అయ్యే గీటే అక్కడ మార్గం. పైగా చుట్టూ ఉన్న చిత్తడినేలల వల్ల ఆ నీరు తేనీటి రంగులో ఉంటుంది. వెలుతురు సోకని ఆ నీటిలో పట్టపగలు కూడా సంధ్యతో సమానమే కనుక, వాల్‌ఐ అక్కడ పగటిపూట కూడా మేత మేస్తుంది. మిల్ లాక్స్‌లో నేర్చిన పాఠాన్ని రెడ్ లేక్‌లో మక్కికి మక్కి ఒప్పగించినవాడు ఖాళీ చేతులతో తిరిగి వస్తాడు. సరియైన స్ట్రక్చర్ అనేది తనంత తానుగా ఏదీ లేదు. విశ్రమించే లోతుకూ మేత దొరికే మిట్టకూ మధ్య చేప నడిచే దారి ఏ సరస్సులో, ఏ నెలలో ఎక్కడ పడుతుందో అదే సరియైనది.

ఆ దారిని కనుగొనే పనిముట్లు పూర్వం చాలా సామాన్యమైనవి. సమాన లోతులను కలిపే రేఖలు గల సరస్సు పటం ఒకటి, దారానికి కట్టిన సీసపు గుండు ఒకటి. పటంలో రేఖలు దగ్గరగా గుమికూడితే అక్కడ నిటారైన వాలు. ఎడంగా ఉంటే చదును. గుండు దించినప్పుడు వేళ్ళకు టక్కుమని తగిలితే రాయి. మెత్తగా దిగబడి, లాగినప్పుడు బిగబట్టితే బురద. 1950ల చివర నీటి లోతును ధ్వనితరంగాలతో కొలిచే చిన్న సోనార్ పెట్టెలు వేటగాళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. స్వచ్ఛమైన మంచును కాస్త తడిపి పరికరాన్ని ఆనిస్తే రంధ్రం తొలవకుండానే లోతు తెలుస్తుంది. ఇప్పటి సోనార్ల తెర మీద చేప ఎరను సమీపించడం, వెనుదిరగడం కూడా కనబడుతుంది.

పనిముట్టు ఏదైనా పద్ధతి ఒక్కటే. అనుభవం గలవాడు దిబ్బ నెత్తిన ఒకటి, వాలు మీద ఒకటి, పాదం వద్ద ఒకటి రంధ్రాలు తొలిచి పెట్టుకొంటాడు. అదీ ఎండ ఉండగానే. మునిమాపు వేళ బర్మా చప్పుడు చేస్తే లోతు తక్కువ నీటిలోని చేప బెదురుతుంది. మధ్యాహ్నం పాదం వద్ద దించిన గాలం వెలుతురు తగ్గేకొద్దీ వాలుకు, చివరకు నెత్తికి మారుతుంది. చేప పైకి ఎక్కే మెట్లనే మనిషి కూడా ఎక్కుతాడన్నమాట.

ఇంతవరకు తెలిసిన తరువాత రెండు ప్రమాదాలు మిగిలి ఉంటాయి. మొదటిది మనిషి ప్రాణానికి సంబంధించినది. చేపలు ఇష్టపడే తావులే తరచు మంచు పలుచగా ఉండే తావులు. ఏరు వచ్చి కలిసే చోట, రెండు సరస్సులను కలిపే ఇరుకు పాయలో ప్రవాహం మంచును కింది నుంచి కోస్తూ ఉంటుంది. ఊటలున్న చోటా అంతే. నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి, కొత్త, స్వచ్ఛమైన మంచు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ హెచ్చరిస్తుంది. ఏ మంచూ నూటికి నూరుపాళ్ళు క్షేమం కాదని చెప్పేది కూడా ఆ శాఖే. పటం మీద మంచి స్ట్రక్చర్‌గా కనిపించిన ఇరుకు పాయ వద్దకు అడుగడుగునా మంచును పరీక్షిస్తూ పోవాలి, లేదా పోకూడదు.

రెండవది చేపకు సంబంధించినది. సుమారు 33 అడుగుల లోతున నీటి ఒత్తిడి, ఉపరితలం మీద ఉన్న ఒత్తిడికి రెట్టింపు ఉంటుంది. ఆ లోతు నుంచి చేపను వేగంగా పైకి లాగితే దాని గాలితిత్తిలోని వాయువు రెండింతలుగా ఉబ్బుతుంది. కొన్ని జాతుల చేపలు ఆ గాలిని నోటి గుండా వదలివేయగలవు. వాల్‌ఐ గాలితిత్తికి అటువంటి మార్గం లేదు. లోపలి అవయవాలు నలిగిన చేపను దయతో నీటిలోకి వదలినా అది బతకకపోవచ్చు. ఫలానా పరిమాణం గల చేపలను తప్పక వదలివేయాలన్న నియమం చాలా సరస్సులలో ఉన్నది. లోతైన పాదం వద్ద వేటాడేవాడు ఆ నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే చేపలను చంపుతూ ఉండగలడు.

సరస్సుకు అంతులేదని నమ్మడం ఎంత ఖరీదైనదో రెడ్ లేక్ చూసినది. వలల వేట, గాలపు వేట మితిమీరి, 1990ల మధ్యకు అక్కడి వాల్‌ఐ సంతతి కూలిపోయింది. ఆ నీటిలో అధికభాగానికి హక్కుదారులైన రెడ్ లేక్ ఒజిబ్వే తెగవారు 1997లో తమ వాణిజ్య వేటను ఆపివేశారు. 1999లో తెగవారు, ప్రభుత్వం ఒడంబడిక చేసుకొని వాల్‌ఐ వేటను పూర్తిగా నిలిపి, కోట్ల సంఖ్యలో చేపపిల్లలను వదిలారు. మళ్ళీ గాలం వేయడానికి 2006 వరకు ఆగవలసి వచ్చింది. మిల్ లాక్స్‌లో కూడా సంతతి తగ్గి, 2016 వేసవిలో పట్టిన ప్రతి వాల్‌ఐని తిరిగి నీటిలో వదలవలసిందిగా ఉత్తర్వులు వెలువడ్డాయి. ఒకప్పుడు చీకటి, మంచు, మనిషి అజ్ఞానం చేపకు మూడు కోటగోడలు. పటాలు, సోనార్లు మూడవ గోడను దాదాపు కూల్చివేశాయి. ఆ గోడ ఉన్న చోట ఇప్పుడు మనిషి నిగ్రహం నిలవవలసి ఉన్నది.

అందుచేతనే నేల తీరును ఎంచుకోవడంలో చేప ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న సగమే. దానిని అక్కడినుంచి తీయవచ్చునా అన్నది మిగతా సగం. వండుకొనడానికి ఒకటి రెండు చేపలు కావలసినవాడు, అవి దొరకగానే ఆపగలిగితే, 34 అడుగుల పాదం వద్ద గాలం వేయవచ్చు. పట్టి వదలదలచినవాడు మాత్రం, పాదం వద్ద చేపలు గుమికూడి ఉన్నాయని తెలిసి కూడా, 22 అడుగుల నెత్తినే ఎంచుకొని మునిమాపు కోసం కాచుకోవాలి. చేప గాలానికి తగిలిన తరువాత ఈ ఆలోచన చేసి ప్రయోజనం లేదు. ఇంకా ఒక్క రంధ్రమైనా తొలవకముందు, పటం మీద లోతు అంకె చదివిన క్షణంలోనే అది జరగాలి.