ప్రకటనలతో పాటు కోసేసిన 50 సెకన్లు

ఈరోజు పోస్టు కొంచెం పెద్దది. నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలని రాస్తున్నాను, ఓపికగా చదవండి.

చేతిలో ఇప్పటి ఫోన్లు లేని రోజుల్లో పంట సంగతి ఏదైనా తెలియాలంటే మనకి టీవీయే దిక్కు. 1995లో ఈటీవీ వచ్చాక అన్నదాత చూడని రైతు ఇల్లు మా వైపు తక్కువ. కానీ పొద్దున్నే గేదెల దగ్గర పని, పాల కేంద్రానికి పరుగు. సగం రోజులు చూడటం కుదిరేది కాదు.

2009లో మా అబ్బాయి చదువుకని పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. అందులో టీవీ ట్యూనర్ కార్డు వేయించాడు. కేబుల్ వైరు దానికి పెట్టి టైము సెట్ చేస్తే కార్యక్రమం దానంతట అదే రికార్డు అయ్యేది. అరగంటకి ఒక జీబీ పైనే. ఒక డీవీడీకి నాలుగు పట్టేవి, ప్రకటనలు తీసేస్తే ఐదు పట్టేవి. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వెయ్యకూడదని రూల్ ఉంది గానీ, ఆ 12 నిమిషాలు కూడా డీవీడీలో ఎందుకని కోసేవాణ్ణి.

కొయ్యడం నేనే నేర్చుకున్నాను. మన టీవీ బొమ్మ సెకనుకి 25 ఫ్రేములు. ప్రకటన మొదలయ్యే ఫ్రేము దగ్గర ఒక గుర్తు, అయిపోయే దగ్గర ఇంకో గుర్తు పెట్టి డిలీట్ కొట్టడమే. వినడానికి తేలికే గానీ ఒక్కో కార్యక్రమానికి అరగంట పట్టేది. అలా చేసిన డీవీడీలు ఊళ్ళో పది ఇళ్ళకి తిరిగాయి. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

2010 సార్వా. అప్పుడు మన కైకలూరు ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంది. పనుల ఒత్తిడిలో ఉంటే మా వాడు ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ప్రకటనకీ ప్రకటనకీ మధ్య వచ్చే నల్ల ఫ్రేముల్ని, ముక్కల నిడివిని చూసి ప్రకటనల్ని అదే పట్టుకుంటుంది. హాయిగా ఉందనుకున్నాను. కోసిన తర్వాత మళ్ళీ మొత్తం చూడటం మానేశాను.

ఆ వారంలో వరి దోమ మీద కార్యక్రమం వచ్చింది. మా అక్క మొగుడు, మా బావది కొల్లేరు వైపు మూడెకరాలు, స్వర్ణ వేశాడు. చేలో దోమ కనపడిందంటే ఆ డీవీడీ ఇచ్చాను. చూశాడు, మందు పేరు రాసుకున్నాడు, తెచ్చి కొట్టాడు. పది రోజులకి చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. ఎకరం పైనే పోయింది.

బావ కోపమంతా మందుల షాపతని మీద. నకిలీ మందు ఇచ్చాడని నలుగురిలో నిలేసి అడిగాడు. ఆ షాపుకి వెళ్ళొద్దని ఊరంతా చెప్పాడు. నేనూ అవునన్నాను.

కోతలయ్యాక డిస్కులో చోటు కోసం పాత ఫైళ్ళు తీసేస్తుంటే దోమ కార్యక్రమం ఒరిజినల్ కనపడింది. ఊరికే చూశాను. రెండు బ్రేకుల మధ్య శాస్త్రవేత్త 50 సెకన్లు మాట్లాడాడు. ముందు చేలో నీళ్ళు తీసెయ్యండి, పాయలు తీసి దుబ్బు మొదట్లో తడిసేలా కొట్టండి, దోమ ఉండేది అక్కడే అని. చిన్న ముక్క కదా, సాఫ్ట్‌వేర్ దాన్నీ ప్రకటన అనుకుని తీసేసింది. బావ నిలవ నీళ్ళలోనే, పై నుంచి ఆకుల మీద కొట్టాడు. డీవీడీలో ఉన్నదే చేశాడు పాపం.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ బజార్లో ఆ షాపతను కనపడితే తల ఎత్తలేకపోయాను. అయిదో రోజు బావ ఇంటికెళ్ళి రెండు వీడియోలూ పక్కపక్కన చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “చేను పోయింది సరేలే బావమరిదీ, ఆయన్ని అన్ని మాటలన్నానే, పద” అని చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం షాపుకి వెళ్ళి తప్పయిందని చెప్పాం. అతను కూర్చోమని టీ తెప్పించాడు. కానీ ఆ సీజన్లో అతనికి పోయిన బేరం మేం తెచ్చివ్వలేకపోయాం కదా.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తీసేశాను. మళ్ళీ చేత్తోనే కోసి, కోసింది మొదటి నుంచి చివరిదాకా చూశాకే ఎవరికైనా ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు డీవీడీలు లేవు. వాట్సాప్‌లో నిమిషం ముక్కలు తిరుగుతున్నాయి. అది ఎవరు కోశారో, ముందూ వెనకా ఏం తీసేశారో మనకి తెలియదు. అందులో మోతాదు విని డబ్బా పట్టుకోకండి. పూర్తి వీడియో వెతికి చూడండి, లేదంటే రైతు సేవా కేంద్రంలో అడగండి. పక్క రైతుకి పంపే ముందు మీరు చివరిదాకా చూశారో లేదో ఒక్కసారి ఆలోచించండి.

ఈ పోస్టు బావకి చదివి వినిపించే పెడుతున్నాను. షాపు సంగతి తప్పకుండా రాయమన్నాడు. ఉంటాను.