పొంగు – పరిమళం

పాకవిద్యలో కొన్ని పదార్థాలు నిప్పు సోకిన కొద్దిసేపటికే సిద్ధమవుతాయి. మరికొన్ని వండేవారి చేతిలో కన్న కాలం చేతిలోనే ఎక్కువసేపు ఉంటాయి. పెరుగు, ఇడ్లీ, ఆవకాయ ఈ రెండవ కోవకు చెందినవి. పాశ్చాత్య దేశాలలో ఈ కోవకు ప్రతినిధి పొంగిన రొట్టె. అందులోనూ అమెరికాలోని గృహాలలో ఆదరణ పొందిన దాల్చినచెక్క రొట్టె ప్రత్యేకమైనది. వారు దానిని ‘సినమన్ స్వర్ల్ బ్రెడ్’ అంటారు. ఆ రొట్టెను కోసి చూస్తే, తెల్లని ముక్క నడుమ గోధుమవన్నె చుట్ట ఒకటి శంఖంలోని మెలికలాగా కనిపిస్తుంది. చూపరులకు అది అలంకారం. చేసేవారికి మాత్రం అది ఒక ఉపాయం. ఒకదానితో ఒకటి పొసగని రెండు వస్తువులను ఒకే రొట్టెలో ఇమిడ్చే ఉపాయం.

దీనికి కావలసిన సరుకులు సామాన్యమైనవే. అరకిలో మైదా, పావులీటరు పాలు, ఒక గుడ్డు, 60 గ్రాముల వెన్న, అంతే చక్కెర, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, 7 గ్రాముల ఈస్ట్. లోపలి చుట్టకు మరొక 100 గ్రాముల చక్కెర, ఒకటిన్నర పెద్ద చెంచాల దాల్చినచెక్క పొడి. వీటన్నింటిలో తూకానికి అతి స్వల్పమైన వాటిలో ఒకటి ఈస్ట్. కాని రొట్టె బరువంతా పైకెత్తేది అదే.

ఈస్ట్ కంటికి కనిపించని ఏకకణ జీవుల సముదాయం. ప్రాచీన ఈజిప్టు ప్రజలకు పొంగిన రొట్టె తెలుసు. పిండి ఎందుకు పొంగుతుందో మాత్రం వారికి తెలియదు. ఆ తరువాత వేల సంవత్సరాల పాటు ఎవరికీ తెలియలేదు. 1680లో హాలెండ్ దేశీయుడైన లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో బీరు మడ్డిని పరిశీలించి, అందులో సన్నని గుండ్రని రేణువులను చూశాడు. అవి ప్రాణమున్నవని ఆయన గుర్తించలేదు. పులియడమనేది జీవుల పని అని లూయీ పాశ్చర్ ప్రయోగాలతో నిరూపించేసరికి పంతొమ్మిదవ శతాబ్దం సగం గడిచింది. ఆ తరువాత కొద్దికాలానికే, 1868లో, అమెరికాలోని సిన్సినాటి నగరంలో చార్లెస్ ఫ్లైష్‌మన్, ఆయన సోదరుడు కలిసి ఈస్టును అచ్చులుగా అదిమి అమ్మడం ప్రారంభించారు. అంతకుముందు ఇల్లాండ్రు పులిసిన పిండినో, సారా తయారీలో మిగిలిన నురుగునో దాచుకొని, దాని మంచిచెడ్డల మీద రొట్టె భవితవ్యాన్ని వదిలేవారు. ఈనాడు చిన్న పొట్లంలో దొరికే పొడి ఈస్ట్ నిద్రిస్తున్న జీవరాశి. నులివెచ్చని పాలు, కాస్త చక్కెర తగలగానే అది మేల్కొంటుంది. పది నిమిషాలలో పాలపైన నురుగు కడుతుంది. పాలు వేలికి సుఖంగా తగిలేటంత వెచ్చగా, అంటే సుమారు 38 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉండాలి. 60 డిగ్రీల వేడిలో ఈస్ట్ మరణిస్తుంది. అప్పుడు ఎంత మేలురకం పిండి అయినా రాయిలాగా ఉండిపోతుంది.

మేల్కొన్న ఈస్ట్ పిండిలోని చక్కెరను ఆరగించి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఆ వాయువును పట్టి నిలిపే సంచి ఒకటి కావాలి. దానిని సిద్ధం చేయడమే పిండి పిసకడంలోని పరమార్థం. గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి, పదినిమిషాల మర్దనకు లొంగి, గ్లూటెన్ అనే సాగే జిగురుగా మారుతాయి. బొబ్బట్ల పిండిని నూనెలో నానబెట్టి సాగదీసే తెలుగు ఇల్లాలికి ఈ జిగురు కొత్తది కాదు. చిన్న ముద్దను రెండు చేతులతో పలుచగా సాగదీసి దీపానికి ఎదురుగా పట్టినప్పుడు, అది చిరగక వెలుగును చూపితే పిండి సిద్ధమైనట్లే.

ఇక్కడ ఇడ్లీకి, రొట్టెకు ఉన్న బంధుత్వం గమనింపదగినది. ఇడ్లీ పిండిని పొంగించే వాటిలో ప్రధానమైనవి బియ్యంలోను, మినపపప్పులోను సహజంగా ఉండే బాక్టీరియాలు. ఆ పొంగును నిలిపేది మినపపప్పులోని జిగురు. రొట్టెను పొంగించేది ఈస్ట్. దానిని నిలిపేది గోధుమ జిగురు. జీవులు వేరు, ధాన్యాలు వేరు, పని మాత్రం ఒకటే. అమెరికాలోని చలి ప్రాంతాలలో కాపురముంటున్న తెలుగువారు శీతకాలపు రాత్రులలో ఇడ్లీ పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి, మంట వెలిగించకుండా లోపలి దీపాన్ని మాత్రం వెలిగించి ఉంచుతారు. ఆ దీపపు వెచ్చదనమే పిండికి ఎండ. అదే వీధిలోని అమెరికన్ గృహిణి కూడా రొట్టె పిండిని అదే విధంగా దీపం వెలిగే ఓవెన్‌లో దాచుతుంది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకొన్నదేమీ లేదు. చలి అడిగిన ప్రశ్నకు రెండు వంటిళ్లు ఇచ్చిన ఒకే సమాధానం అది.

గిన్నెపై గుడ్డ కప్పి పెట్టిన పిండి గంట, గంటన్నర కాలంలో రెట్టింపవుతుంది. ఈ దశలోనే చేసేవారికి అసలు పరీక్ష. ‘నిదానమే ప్రధానం’ అని ఒక లోకోక్తి. ‘ఆలస్యం అమృతం విషం’ అని మరొకటి. పైకి ఈ రెండింటికీ పొత్తు కుదరదు. రొట్టె చేసేవారికి మాత్రం రెండూ ఒకేసారి అవసరమవుతాయి. తొందరపడి ముందే కాల్చితే రొట్టె గట్టిపడి, బిగుసుకొని, పక్కలు పగులుతుంది. ఏమరుపాటున ఎక్కువసేపు వదిలితే ఆ జిగురు సంచి వాయువును మోయలేక సడలి, నిప్పు తగలగానే కుంగిపోతుంది. గడియారం ఇక్కడ పూర్తిగా నమ్మదగిన గురువు కాదు. వేసవిలో గంటకు వచ్చే పొంగు శీతకాలంలో రెండు గంటలకు గాని రాదు. అందుచేత అనుభవజ్ఞులు పిండినే అడుగుతారు. పిండి అద్దుకొన్న వేలితో మెల్లగా నొక్కి చూస్తారు. పడిన గుంట వెంటనే పూడిపోతే ఇంకా వేచి ఉండాలి. మెల్లమెల్లగా సగం పూడితే అదే సమయం. అసలు పూడకపోతే సమయం మించిపోయింది.

ఇక పరిమళం సంగతి. దాల్చినచెక్క సింహళ ద్వీపానికి, దక్షిణ భారతానికి సహజమైన చెట్టు లోపలి బెరడు. తెలుగువారి ‘దాల్చిన’ అనే మాట పారసీకంలోని ‘దార్చీనీ’ నుండి వచ్చింది. చీనా చెక్క అని దాని అర్థం. చీనాలో పండే దాల్చినజాతి బెరడు ఆ పేరుకు కారణం. ఆ చెక్క ఎక్కడ పుడుతుందో ప్రాచీన గ్రీకులకు తెలియదు. క్రీస్తుపూర్వం అయిదవ శతాబ్దికి చెందిన హెరొడోటస్ ఒక వింత కథను రాశాడు. అరేబియాలో పెద్ద పక్షులు దాల్చిన పుల్లలతో కొండకొమ్మున గూళ్లు కడతాయట. జనం కింద మాంసఖండాలు పెడితే, పక్షులు వాటిని గూళ్లకు మోసుకుపోతాయట. ఆ బరువుకు గూళ్లు విరిగిపడితే పుల్లలను ఏరుకొంటారట. ఆ సుగంధం కోసం తరువాతి కాలంలో నావలు బయలుదేరాయి. 1505లో పోర్చుగీసువారు సింహళం చేరారు. 1658 నాటికి డచ్చివారు వారిని అక్కడినుండి వెళ్లగొట్టారు. 1796లో డచ్చివారి స్థానాన్ని ఆంగ్లేయులు ఆక్రమించారు. వర్షాలకు బెరడు సులువుగా ఊడే రోజులలో కొమ్మలు నరికి, పై పొట్టు గీకి, ఇత్తడి కడ్డీతో రుద్ది, లోపలి బెరడును చెరగకుండా ఒలిచే పనివారి నేర్పు శ్రీలంక దక్షిణ తీరంలో ఈనాటికీ తరతరాలుగా సాగుతోంది. ఆ పలుచని బెరడు నీడలో ఆరుతూ తనంతట తానే చుట్టుకొంటుంది. రొట్టెలోని చుట్టకు ముందే దాల్చినచెక్క తానే ఒక చుట్ట అన్నమాట. అయితే అమెరికా అంగళ్లలో దొరికే పొడిలో ఎక్కువభాగం సింహళపు చెక్క కాదు. అది ఇండోనేషియా మొదలైన చోట్ల పెరిగే మరింత ఘాటైన జాతికి చెందినది.

ఇంత దూరం ప్రయాణించి వచ్చిన ఈ పరిమళ ద్రవ్యానికి ఒక స్వభావముంది. దాని సువాసనకు మూలమైన తైలం సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొంటుంది. బెరడు చెట్టుకు కవచం. బూజును, పురుగును ఎదుర్కొనడమే దాని పని. ఆ కవచం ఈస్టును కూడా శత్రువుగానే చూస్తుంది. దాల్చినచెక్క పొడిని విస్తారంగా పిండిలో కలిపివేస్తే ఈస్ట్ మందగిస్తుంది, రొట్టె సరిగా పొంగదు. స్వీడన్ దేశంలో 1999 నుండి ఏటా అక్టోబరు 4ను దాల్చిన రొట్టెచుట్టల దినంగా జరుపుకొంటున్నారు. అక్కడి వంటవారు పిండిలో ఏలకుల పొడి కలుపుతారు. దాల్చినచెక్కను మాత్రం వెన్న, చక్కెరలతో కలిపి పొరల నడుమ పూస్తారు. పిండిని పొంగే పనికి విడిచి, పరిమళాన్ని దాని పక్కనే మరొక పొరలో నిలపడం ఆ చుట్టలోని వివేకం. రెండింటిలో దేనినీ త్యజించనక్కరలేదు. దేని చోటు దానికి ఇస్తే చాలు.

ఆ చోటు ఇవ్వడంలో కూడా మెలకువ ఉంది. పొంగిన పిండిని అప్పడాల కర్రతో దీర్ఘచతురస్రంగా వత్తుతారు. దాని వెడల్పు రొట్టె అచ్చు పొడవును మించరాదు. పైన కరిగిన వెన్న పూయాలని ఎవరికైనా తోస్తుంది. కాని వెన్న పొరలను అంటుకోనీయదు. కాలిన తరువాత చుట్టల మధ్య ఖాళీలు ఏర్పడి, కోయగానే ముక్క విడిపోతుంది. అందుకే పలుచగా పాలో, గిలకొట్టిన గుడ్డు తెల్లసొనో పూసి, చక్కెర, దాల్చినపొడి మిశ్రమాన్ని అంచుల దగ్గర కొంత వదిలి సమంగా చల్లుతారు. చాపను చుట్టినట్లు బిగువుగా చుట్టి, చివరి అంచును వేళ్లతో నొక్కి మూసి, ఆ అతుకు కిందికి వచ్చేటట్లు వెన్న రాసిన అచ్చులో ఉంచుతారు. బిగువు చాలకపోతే సందులు మిగులుతాయి. మరీ బిగిస్తే పొంగడానికి తావులేక పిండి పైకి చీలుతుంది. మరొక ముప్పావుగంట గడిచి, పిండి అచ్చు అంచుకు అంగుళం పైకి వచ్చిన తరువాత, 180 డిగ్రీల వేడిలో ముప్పైఅయిదు, నలభై నిమిషాలు కాలుస్తారు. తొలి నిమిషాలలో ఈస్ట్ తన ఆఖరి శక్తిని వెచ్చించి రొట్టెను మరికొంత పైకెత్తి, ఆపై వేడికి నశిస్తుంది. ఆ జీవుల శ్రమ మాత్రం రొట్టెలో గాలిగదులుగా మిగిలిపోతుంది.

ఇల్లంతా వాసన నిండిన తరువాత కూడా నిరీక్షణ ముగియదు. వేడిగా ఉన్నప్పుడు కోస్తే లోపలి మెత్తదనం జిగటగా కత్తికి అంటుకొంటుంది, చుట్ట చెదరుతుంది. మరొక గంట ఆగాలి. ఆకలిగా చుట్టూ మూగిన పిల్లలకు ఆ గంట కష్టతరమైనది.

ఇంత ఓపికను లోకం ఎల్లకాలం భరించలేదు. 1928లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, చిల్లికోతి అనే ఊళ్లో, ఓటో రోవెడ్డర్ కనిపెట్టిన యంత్రంతో ముక్కలుగా కోసిన రొట్టె అమ్మకానికి వచ్చింది. 1943 జనవరిలో, యుద్ధకాలపు పొదుపు పేరుతో, ప్రభుత్వం కోసిన రొట్టెను నిషేధించింది. ప్రజల అసమ్మతి ఎంత తీవ్రమైనదంటే, రెండు నెలలైనా తిరగకముందే ఆ నిషేధం తొలగింది. పదిహేనేళ్లలోనే ఇంటి కత్తికి ఇంటివారు అంత దూరమయ్యారు. 1961లో ఇంగ్లండులోని చార్లీవుడ్‌లో, అతివేగంగా తిరిగే యంత్రాలతో పిండిని కలిపి, గంటలకొద్దీ సాగే పులియబెట్టే కాలాన్ని దాదాపు తుడిచివేసే పద్ధతిని రూపొందించారు. రొట్టె చవక అయింది, అందరికీ అందింది. అది సామాన్యమైన మేలు కాదు. కాని వేలితో నొక్కి పిండి మనసు తెలుసుకొనే విద్య చాలా ఇళ్లనుండి నిశ్శబ్దంగా నిష్క్రమించింది.

ఆ విద్య పూర్తిగా నశించలేదని 2020 నిరూపించింది. మహమ్మారి కారణంగా జనం ఇళ్లకే పరిమితమైన ఆ వసంతంలో అమెరికాలోను, ఐరోపాలోను అంగళ్ల అరలనుండి మైదా, ఈస్ట్ మాయమయ్యాయి. రేపటి సంగతి తెలియని మనుషులు పిండి పిసికారు. వారి అధీనంలో లేనివి అనేకం ఉన్నాయి. గుడ్డ కప్పిన గిన్నెలోని పిండి మాత్రం గంటలో పొంగి తీరుతుందన్న నమ్మకం మిగిలింది. ఆకలి ఒక్కటే కారణమైతే కొన్న రొట్టె చాలును. చేతులకు పని, మనసుకు ఎదురుచూపు, ఆ ఎదురుచూపుకు ఫలం కావలసివచ్చి వారు రొట్టె చేశారు.

చుట్టిన రొట్టెను కోసేవరకు లోపలి మెలిక ఎలా కుదిరిందో చేసినవారికి కూడా తెలియదు. ఒకరోజు నడుమ చుట్ట కుంచెం పక్కకు ఒరుగుతుంది. మరొకరోజు సందు మిగులుతుంది. ఎప్పుడో ఒకనాడు పొరపొరా కలిసి నిండుగా నిలుస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఈస్ట్ అడిగినది కాలమని, దాల్చినచెక్క అడిగినది చోటని. ఈ రెండింటినీ ఎరిగి ఇవ్వగలిగిన చేతికి పొంగు, పరిమళం ఒకే ముక్కలో దక్కుతాయి. మనుషులు కలిసి బ్రతికే ఇంటిలోను అడిగేది చాలావరకు ఇవే.