ఆజ్ఞ లేని మాట



మా తమ్ముడు సైన్యమున మేజరు. క్రిందటి సంవత్సరము సెలవుపై వచ్చినపుడు వానికి అన్నము సహింపలేదు. "అక్కా, కొలువు విడిచివేయుదునా యని తోచుచున్నది" అనెను. నేను వెంటనే, "ఇరువది యేండ్లు నిండనిదే అధికారులకు సాధారణముగా పింఛను రాదు. పిల్లల చదువులు తలచుకొనుము" అని మందలించితిని. వాడు మారు పలుకలేదు. ఆ మౌనము నన్ను చాల కాలము బాధించెను.

తరువాత వాడు ఒక కోచ్‌ను ఆశ్రయించెను. కోచింగ్ అనగా మన యూళ్ళలో పరీక్షలకు బట్టీ పట్టించుట గదా! ఇది యట్టిది కాదు. దీనిని ఎగ్జిక్యూటివ్ కోచింగ్ అందురు. కోచ్ పాఠము చెప్పడు, ప్రశ్నించును, ఆలకించును. జాన్ విట్‌మోర్ 1992లో వెలువరించిన గ్రంథమున ఈ ప్రశ్నలకు నాలుగు మెట్లు కలవు. నీ గమ్యమేది? ఇప్పటి స్థితి యెట్టిది? ఉన్న మార్గములెవ్వి? ఏమి చేయ నిశ్చయించితివి?

సైన్యమున పై యధికారియే యేటేట రహస్య నివేదిక వ్రాయును. పదోన్నతికి అది ముఖ్యాధారము. ఆయన యెదుట మనసు విప్పుట యెట్లు? కోచ్ చేతిలో అట్టి కలము లేదు. అందుచేతనే వానియెదుట నిజము చెప్ప వీలగును.

జాన్ మేయర్, నటాలీ ఆలెన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1991లో ఉద్యోగమునందలి నిబద్ధతను మూడు విధములుగా వివరించిరి: ఇష్టముచేత నుండుట, విడిచిన నష్టమను భయముచేత నుండుట, ఉండుట ధర్మమని యుండుట. నేను పింఛను పేరు చెప్పి ఆ రెండవ ముడినే బిగించితిని. కోచ్ మాత్రము, "ఏ దినమున నీవు పని ముగించి సంతోషముగా ఇల్లు చేరితివి?" అని యడిగెనట. వాడు చాలసేపు ఆలోచించి, జవానులకు శిక్షణ మిచ్చిన దినములని చెప్పెనట. పిదప శిక్షణశాలకు బదిలీ కోరెను.

ఆ బదిలీ యింకను రాలేదు. కోచింగ్ వలన సరిహద్దు దగ్గర కాదు, ఎడబాటు తీరదు. ఇట్టి ప్రశ్నలచే కొందరు కొలువు విడువవలెననియే తెలిసికొనవచ్చును. అదియు తప్పు కాదు. కాని మా వానికి తానెందుకు నిలిచియున్నాడో తెలిసినది.

ఈ సంక్రాంతికి వాడు వచ్చినపుడు, "ఏమిరా, పని యెట్లున్నది?" అని మాత్రమడిగి యూరకుంటిని. అర్ధరాత్రి దాక వాడు చెప్పుచునే యుండెను. అన్నము మారు వడ్డించుకొనెను.

సైనికుల యిండ్లలో ఆజ్ఞలకు కొరత లేదు, అమ్మలారా! ఆలకించు చెవులకే కొరత.