పాత పాట, కొత్త గొంతు

కచేరీ సగానికి వస్తుంది. వేదికమీది బృందం అప్పుడే సిద్ధం చేసుకున్న కొత్త పాట అందుకుంటుంది. వెనుక వరుసల నుంచి ఎవరో ఒకరు పాత పాట పేరు పెట్టి కేక వేస్తారు. దశాబ్దాల తరబడి నిలిచిన ప్రతి రాక్ బృందానికీ ఆ కేక సుపరిచితమే. అది అభిమానమే, సందేహం లేదు. కాని ఆ అభిమానంలో ఒక శాసనం కూడా ఉంది: నిన్న ఎలా ఉన్నారో నేడూ అలాగే ఉండాలని. జనాదరణను నిలుపుకొంటూ సృజనను కాపాడుకోవడం సాధ్యమా అనే ప్రశ్న అక్కడే పుడుతుంది.

పాశ్చాత్య సంగీతరంగం ఈ ప్రశ్నకు రెండు ప్రసిద్ధమైన సమాధానాలిచ్చింది. బీటిల్స్ 1966లో కచేరీ యాత్రలు మానుకొని స్టూడియోకు పరిమితమయ్యారు. మరుసటి ఏడు వెలువడిన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ ఆ నిర్ణయానికి ఫలం. అయితే 1970 నాటికి ఆ బృందమే విడిపోయింది. 1962లో లండన్‌లో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ వేదికను వదలలేదు. వారి కచేరీలకు స్టేడియంలు నిండుతూనే వచ్చాయి. కాని 2005 నాటి 'ఎ బిగ్గర్ బ్యాంగ్' తరువాత స్వీయరచనలతో మరో ఆల్బమ్ రావడానికి 18 ఏళ్లు పట్టింది. అది 2023లో వచ్చిన 'హాక్నీ డైమండ్స్'. నడుమ 2016లో వెలువడినది ఇతరుల బ్లూస్ పాటల సంపుటి. ఒకరు సృజన కోసం వేదికను విడిచారు. మరొకరు వేదికను అంటిపెట్టుకొని సృజనను నిరీక్షణలో ఉంచారు.

భారతదేశంలో ఇదే ప్రశ్నను మరో విధంగా ఎదుర్కొన్న బృందం 'ఇండియన్ ఓషన్'. 1990లో ఢిల్లీలో గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడే అసీమ్ చక్రవర్తి దీనికి పునాది వేశారు. బేస్ గిటారిస్టు రాహుల్ రామ్, డ్రమ్స్ వాద్యకారుడు అమిత్ కిలమ్ తరువాత వచ్చి చేరారు. 1997 నాటి 'డెజర్ట్ రెయిన్' ఆల్బమ్‌ను కచేరీలోనే ధ్వనిముద్రణ చేశారు. 2000లో వచ్చిన 'కందీసా' వారికి దేశవ్యాప్తమైన పేరు తెచ్చింది. దాని శీర్షికా గీతం కేరళ సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా అరమాయిక్ భాషలో పాడుకుంటున్న ప్రార్థన. అదే ఆల్బమ్‌లోని 'మా రేవా' నర్మదా నదిని స్తుతించే జానపద గీతం. నర్మదా బచావో ఆందోళనలో రాహుల్ రామ్ పనిచేసిన అనుభవం దాని వెనుక ఉంది. 2003 నాటి 'ఝీనీ' కబీరును ఆశ్రయించింది. 'బ్లాక్ ఫ్రైడే' చిత్రానికి చేసిన 'బందే' పాట వారిని మరింత విస్తృతమైన శ్రోతలోకానికి చేర్చింది.

అసలు పరీక్ష 2009 డిసెంబరు 25న ఎదురైంది. ఆ రోజు అసీమ్ చక్రవర్తి మరణించారు. పాడుతూ తబలా వాయించే మనిషి ఒక్కడే పోయినా రెండు స్థానాలు ఖాళీ అయ్యాయి. గానానికి హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి వచ్చారు. అసీమ్ గొంతుతో అప్పటికే సిద్ధమైన పాటలను 2010లో నెలకొకటి చొప్పున ఇంటర్నెట్ ద్వారా శ్రోతలకు ఉచితంగా అందించారు. తాము ఏళ్లపాటు సాధన చేసిన కరోల్ బాగ్ ఇంటి చిరునామానే ఆ ఆల్బమ్‌కు పేరుగా పెట్టారు: '16/330 ఖజూర్ రోడ్'. 2013లో సుస్మిత్ సేన్ కూడా బృందాన్ని వీడారు. తొలినాటి ఇద్దరూ లేకుండా ఆ పేరు ఎవరిది? ఈ ప్రశ్న వేసిన అభిమానులను తప్పుపట్టలేము. సుస్మిత్ గిటారు నాదమే ఆ బృందానికి ముఖచిత్రమని భావించినవారు అనేకులు. ఆ స్థానంలో నిఖిల్ రావు వచ్చారు. 2014లో ఇతర విద్వాంసులను ఆహ్వానించి వారితో కలిసి 'తందను' చేశారు. 2023లో 'తూ హై' వెలువడింది. పాత నాదాన్ని అనుకరించి కాలక్షేపం చేయడం కంటే ఇది కష్టమైన మార్గం.

శాస్త్రీయ సంగీత సభకు పునరుక్తి దోషం కాదు. తిరువైయారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ పంచరత్న కీర్తనలనే పాడతారు. నిరుడు విన్నవే కదా అని ఎవరూ లేచిపోరు. కృతి స్థిరమైనది, రాగాలాపన, నెరవు, స్వరకల్పన గాయకుని మనోధర్మానికి విడిచిన చోట్లు. పైగా ఆ కృతి ఏ ఒక్క గాయకుని సొత్తూ కాదు. రాక్ సంగీతంలో మాత్రం పాట తొలి గొంతుతోనే ముడిపడి ఉంటుంది. ఆ గొంతు ఆగితే పాట జ్ఞాపకచిహ్నంగా మిగిలిపోతుంది.

'ఇండియన్ ఓషన్' అనుభవం విలువైనది ఇక్కడే. 'కందీసా' వారికి ముందే ఉంది. ఎన్నో తరాల గొంతులు దాటి వారి దాకా వచ్చింది. అందుచేత మరో గాయకుడు దాన్ని అందుకున్నప్పుడు అది అపచారం కాలేదు, పరంపర అయింది. సొంతంగా కట్టిన పాటలకు ఆ సౌలభ్యం తక్కువ. అసీమ్ గొంతు స్థిరపరిచిన పాటలను మరొకరు పాడినప్పుడు విన్నవారికి లోటు తోచడం సహజం. ఆ లోటును కొత్త పాటలేవీ పూర్తిగా పూడ్చలేవు.

అయినా ఆ లోటును ఒప్పుకుంటూనే ముందుకు సాగడం దీర్ఘకాలం నిలిచే బృందానికి తప్పదు. వెనుక వరుసల కేకను మన్నించి పాత పాట పాడాలి. దాని పక్కనే, ఎవరూ అడగని కొత్త పాటకూ చోటు ఉంచాలి. శ్రోత బాధ్యత కూడా అంతే ఉంది. ఆ కొత్త పాట ముగిసేదాకా కేక వేయకుండా ఆగగలిగిన సభే బృందపు సృజనకు ఆయుష్షు పోస్తుంది.