అతివేగము తెచ్చిన చిక్కు

భారత భాగవతములు చదువుకొనిన యిల్లాలికి కంప్యూటరు ప్రాసెసరుతో నేమి పని యని మీ రడుగవచ్చును. గడచిన వేసవి వఱకు మేమును నట్లే తలఁచితిమి.

మా పుట్టినిల్లు బాపట్ల. మాకు అక్షరాభ్యాసము మొదలు తర్కము వఱకు నాన్నగారే యింట చెప్పిరి. విరాటపర్వముపై వారు వ్రాసికొనిన వ్యాఖ్య 3 నోటుపుస్తకములలో నున్నది. కాగితములు పొడియగుచున్నవి, వారి చూపు మందగించినది, జ్ఞాపకమును నానాఁటికి జాఱుచున్నది. సహస్రచంద్రదర్శనము నాఁటికి దానిని అచ్చు వేయించి వారి చేత నుంచవలెనని మా కోరిక. పుటలను ఫోటోలు తీసి, కంప్యూటరుచే అక్షరములుగా మార్పించి, తప్పులు దిద్దుచుంటిమి. పుస్తకములో లేని విశేషములను బాపట్ల పోయి వారి నోట విని, రేపల్లెకు తిరిగి రాఁగానే టైపు చేయుచుంటిమి. కంప్యూటరుండఁగా కాగితమేల యను గర్వము మాది.

మే నెలలో నొకనాఁడు, పుటలు అక్షరములుగా మాఱుచుండఁగా తెర యంతయు నీలమై యంత్రము తనంతట ఆఱి మఱల వెలిఁగెను. మఱునాఁడు 2 మార్లు. మూఁడవనాఁడు లేచిన తరువాత, నాన్నగారు నోటఁ జెప్పిన భాగమున్న ఫైలు తెఱచుకొనలేదు. 11 పుటలు! వానికి వేఱు ప్రతి లేదు.

మొదట కరెంటును నిందించి యూపీఎస్ బ్యాటరీ మార్పించితిమి. గుణము లేదు. మావారు యంత్రమును రైలులో తెనాలికి తీసికొనిపోయిరి. అచ్చట నొక దుకాణమున ర్యామ్ చెడినదేమో యని క్రొత్తది వేసి, ఏసీ గదిలో దినమంతయు నడిపి, ఏ దోషమును లేదని పంపిరి. ఇంటికి వచ్చిన గంటకే మఱల నీలితెర.

ఆ రాత్రి నిద్రపట్టక, చిన్ననాఁడు నాన్నగారు నేర్పిన అన్వయవ్యతిరేకములు స్మరించితిమి. ఏది యున్నచో నిది యగుచున్నది? ఏది లేనిచో నిది యగుట లేదు? తెనాలిలో చల్లని గది, రేపల్లెలో మే నెల యెండ. ఉత్తరము టైపు చేయునపుడు నిలకడ, పెద్ద పని పెట్టఁగానే పతనము. వేఁడిమియే కారణమని తోఁచెను. మఱునాఁడు ఉష్ణోగ్రతఁ జూపు ప్రోగ్రాము పెట్టి చూడఁగా, పని లేనపుడు 52 డిగ్రీలు, పని మొదలైన కొలఁది నిమిషములకే 97. మూఁత తీసి దుమ్ము తుడిచి, ఫ్యాను తిరుగుచున్నదని చూచి, థర్మల్ పేస్టు క్రొత్తది పూయించితిమి. 4 డిగ్రీలే తగ్గెను. తుదకు మావారు బయాస్ తెఱచి చూడఁగా, 36 ఉండవలసిన చోట 44 అను అంకె కనఁబడెను.

బాపట్లలో ఇంజనీరింగు చదువుచున్న మా మఱిది తల వంచుకొనెను. “సంక్రాంతి సెలవులలో ఆటలు వేగముగా నడువవలెనని పెంచితిని, వదినా. అప్పుడేమియుఁ గాలేదు. నీ పుటలు పోయినవని వినిన తరువాత చెప్పుటకు నోరు రాలేదు” అనెను.

ఈ పనినే ఓవర్‌క్లాకింగు అందురు. ప్రాసెసరునకు గుండెచప్పుడువంటి గడియారపు కొట్టు కలదు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004కు అది సెకనుకు 7,40,000 మాత్రమే. మా దానికి 100 మెగాహెర్ట్జును 36చే గుణింపఁగా 3.6 గిగాహెర్ట్జు, అతఁడు దానిని 4.4కు పెంచి, అందుకుఁ దగినట్లు వోల్టేజిని 1.2 నుండి 1.4కు పెంచెను. వేఁడిమి వేగముతోడను, వోల్టేజి వర్గముతోడను పెరుగును గనుక, లెక్క వేయఁగా నూటికి 66 పాళ్లు హెచ్చు. పొయ్యి ఇనుమడించుచుండ విసనకఱ్ఱ మాత్రము పాతదే! చలికాలమున సాగినది మే నెలలో సాగలేదు. వేగము మితిమీఱినపుడు లోపలి లెక్కలు వేళకు తేలక తప్పును. తప్పు లెక్కతో ముందునకుఁ బోవుటకంటె ఆగుట మేలని యంత్రము నిలిచిపోవును. నీలితెర శత్రువు గాదు. అది దాఁచక చెప్పిన మాట.

ఇంట నెవరును అంకెలు మార్చకున్నను ఇట్టి చిక్కు రావచ్చును. 2024లో ఇంటెల్ సంస్థ తన 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజిచే నిలకడ తప్పుచున్నవని యొప్పుకొని, సవరణ నిచ్చి, వారంటీని 2 ఏండ్లు పెంచెను.

మీ యింట నిట్లు జరిగినచో ముందు బయాస్‌లోని మార్పులన్నిటిని తీసివేసి, తయారైననాఁటి స్థితికిఁ దెండు. అసలు తెర రానేరానిచో, కరెంటు తీగ తీసివేసి, మదర్‌బోర్డుపై నున్న నాణెమువంటి బ్యాటరీని కొంతసేపు తొలఁగించి మఱల పెట్టినచో సామాన్యముగా మార్పులు చెఱిగిపోవును. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, పెద్ద పని పెట్టి పరీక్షింపుఁడు. మేము మొదటిరోజే ఇట్లు చేసియున్నచో బ్యాటరీకి, ర్యామ్‌కు పెట్టిన సొమ్ము మిగిలెడిది. 36కు మార్చిన తరువాత మా యంత్రము ఎంత పనిలోను 74 డిగ్రీలు దాఁటలేదు, మఱల నాఱలేదు.

మఱిదిని కోపించితిమి. కాని ప్రతి వ్రాసికొనని తప్పు మాది కాదా? ఇరువురమును బాపట్ల పోయితిమి. అతఁడు కలము పట్టి నాన్నగారి యెదుటఁ గూర్చుండెను. వారు 4 దినములు చెప్పిరి. నడుమ ఆగి, “ఇది ముందొకసారి చెప్పితిని గదమ్మా?” అనిరి. “చెప్పితిరి నాన్నగారూ, నేనే పోఁగొట్టితిని” అంటిమి.

11 పుటలలో 7 దొరికినవి. తక్కినది వారికి తోఁపలేదు. ఆ చోటును మా మాటలతోఁ బూరించుటకు మనసొప్పలేదు. పుస్తకములో నొక పుట తెల్లగానే విడిచితిమి.