కోపు తప్పితే కోల తగులుద్ది

మైపాడు దారిలో ఉన్న మా పాళెంలో కోలాటం గురువు దిగాడంటే ఆయన తిండి ఊరందరిదీ. ఇవాళ మా ఇంట్లో వంతయితే, రేపు మేనత్త వాళ్లింట్లో. గురువుకి వడ్డించాక మిగిలిన వంజరం పులుసు మాదే గనక, వంతు కోసం పిల్లలం వేళ్లు లెక్కపెట్టుకునేవాళ్లం.

సంభావన సంగతి కాపులు తేల్చేవాళ్లు. వలల తగాదాలు తీర్చే ఆ పెద్దలే పడవకి ఇంతని దురాయి వేస్తే, కాదనే మొనగాడు లేడు.

రామమందిరం ముందు ఇసుకలో, పెట్రోమాక్సు లైటు కింద ముందు ఉత్త చేతులతో అడుగులు, ఆ తర్వాతే కోలలు. ఏక కోలాటం, జంట కోలాటం దాటితే చివరికి జడ కోలాటం. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఆడుతూ జడ అల్లాలి, ఆడుతూనే విప్పాలి. ఒక్కడు కోపు తప్పితే అందరి తాళ్లూ చిక్కే. గురువు గడుసువాడు. మాటల్లేని దాయాదుల్ని ఏరి మరీ జంట కట్టేవాడు. "మాట్లాడుకోకపోతే మానె, కోల కలపండి అబ్బయా!" అనేవాడు.

ఆడపిల్లలు అరుగు మీద కూర్చుని చూడాల్సిందే. మా అక్క కోపులన్నీ అక్కడే నేర్చుకుని, వంటింట్లో గరిటెలతో ఆడేది.

టీవీ వచ్చి కోలాటాన్ని మింగేసిందంటారు. నేనొప్పుకోను. ఊరు రెండు పార్టీలయ్యాక ముందు ఆగింది వంతు భోజనం. కోలలు అటకెక్కింది ఆ తర్వాతే.

వాటిని దించింది ఆడవాళ్లు. దూబగుంటలో రాజుకున్న సారా ఉద్యమం 1993 ఏప్రిల్‌లో జిల్లా అంతటా సారా అంగళ్లు మూయించింది. వెనకే పొదుపులక్ష్మి సంఘాలొచ్చాయి. రోజుకో రూపాయి దాచి, ఒకరి అప్పుకి మరొకరు పూచీ పడటం అలవాటైన మనుషులకి కోల కలపడం ఎంతసేపు? కొన్నేళ్లకి మా సంఘం పుస్తకంలో కోలాటం కింద ఓ పద్దు పడింది. నేర్పే పని అక్కకి అప్పజెప్పారు.

ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి గనక మగవాళ్లూ వచ్చి తాళాలు వాయిస్తారు. పార్టీల గోల ఇంకా ఉంది గానీ, కోలాటం రాత్రుళ్లు దాని ఊసెత్తరు. చీరల రంగు మీద మాత్రం ఏటా రభసే. అది తీర్చడం కాపుల వల్ల కూడా కావడం లేదు.